హోవర్డ్ బిబ్బీ పేరు మీద వచ్చిన కవరు

"పోస్టు ఎన్నింటికి వచ్చింది?"

"పదింబావుకి."

"నాకు ఫోన్ చేసింది పదీ నలభైకి. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు ఏం చేశారు?"

లొరెయిన్ బిబ్బీ వంటింటి బల్ల వైపు చూసింది. ఉప్పుసీసాకి ఆనించి ఒక గోధుమరంగు కవరు నిలబెట్టి ఉంది. దాని అంచు కూడా చిరగలేదు.

"దాన్నే చూస్తూ కూర్చున్నాను," అంది.

హెస్టర్ గార్‌సైడ్ కోటు విప్పకుండానే వంగి కవరు చూసింది. పన్నుల ఆఫీసులో ఇరవై రెండేళ్లు కూర్చుని ఇలాంటి కవర్లు వేలకొద్దీ పంపిన మనిషి ఆమె. అది వదిలేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని ఆరేళ్లయినా, ఈ రంగు కనపడితే చేతులు ఇప్పటికీ స్టాంపు కోసం తడుముకుంటాయి. కవరు మీది అద్దంలాంటి కాగితపు కిటికీలోంచి పేరు కనిపిస్తోంది. మిస్టర్ హెచ్. బిబ్బీ.

సాండ్రిగ్ పోలీసుల లెక్కలో ఆ బిబ్బీ చనిపోయి మూడేళ్ల అయిదు నెలలైంది.

ఆ లెక్క ఎలా తేలిందో హెస్టర్‌కి కంఠతా వచ్చు. 2021 నవంబరు 9, మంగళవారం. హార్బర్‌లో ఇంజనీరుగా పనిచేసే హోవర్డ్ బిబ్బీ ఒక కంటైనర్‌కి సీలు తెగి ఉండటం చూశాడు. ఆ సంగతి చెప్పడానికి సాయంత్రం నాలుగింటికి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. అతని మాటలు విన్నది ఒకే ఒక్కడు, ఇన్‌స్పెక్టర్ రోలాండ్ క్రాబ్‌ట్రీ. హోవర్డ్ అయిదూ పదికి బయటికి వెళ్లినట్టు రిజిస్టర్‌లో ఉంది. కంటైనర్ మాట మాత్రం ఎక్కడా లేదు, సైకిలు పోయిందని చెప్పడానికి వచ్చాడని రాసుంది. మర్నాడు పొద్దున, పోటు వస్తే మునిగిపోయే ఇసుకమేటల మీద అతని బూట్లు, వాన కోటు దొరికాయి. శవం దొరకలేదు. హోవర్డ్ నీళ్లలో పోయాడని క్రాబ్‌ట్రీ రాసేసి చేతులు దులుపుకున్నాడు.

లొరెయిన్ దులుపుకోలేదు. ఆ కోటు ఇప్పటికీ హాలులో కొక్కేనికి వేలాడుతోంది. గోడకి ఈ ఏటి ఆటుపోట్ల పట్టిక ఉంది. అది చూడకుండా హోవర్డ్ ఇసుకలోకి అడుగుపెట్టేవాడు కాదట, అందుకని ఆమె ఏటేటా కొత్తది కొని తగిలిస్తోంది. బీరువాలో రెండు కప్పులే పైకి ఉంటాయి, ఆమెదీ అతనిదీ.

"పొద్దున్నించీ ఇంకేమైనా జరిగిందా?"

"ఏం లేదు. రెండుసార్లు ఫోన్ మోగింది. తొమ్మిదీ నలభైకి ఒకసారి, పదకొండూ అయిదుకి ఒకసారి. నేను హలో అంటే ఎవరూ పలకలేదు."

"చప్పుడేమైనా వినపడిందా?"

"రెండోసారి వెనక ఎవరో మైకులో మాట్లాడుతున్నట్టుంది. ఎవరో ఊపిరి తీసుకున్నట్టు కూడా అనిపించింది. తర్వాత పెట్టేశారు."

"కిటికీ అద్దాలు అమ్ముకునేవాళ్లై ఉంటారు. ఒకే గదిలో నలభై మంది కూర్చుని అరుస్తుంటారు," అంది హెస్టర్. అప్పటికి ఆ మాట సబబుగానే తోచింది. "సరే, మళ్లీ మొదట్నించీ చెప్పండి. మార్చి 13, గురువారం."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

"మీరు ఒకేలా చెప్పినంతవరకూ."

లొరెయిన్ నిట్టూర్చింది. "పొద్దున తొమ్మిదీ ఇరవైకి క్రాబ్‌ట్రీ వచ్చాడు. మా హోవర్డ్ పేరుతో ఎవరో పన్ను తిరిగి ఇమ్మని దొంగ క్లెయిమ్ పెట్టారట. పింఛను మీద రావలసిన పన్నట. పన్నుల ఆఫీసు వాళ్లు తనకి ఫిర్యాదు చేశారన్నాడు. అది నేనేనన్నాడు. మొగుడి డబ్బు మీద అంత యావ ఉన్నదానివి మొగుణ్ణి ఏం చేశావో ఎవరికి తెలుసన్నాడు."

"అప్పుడు మీరేమన్నారు?"

"నేను పెట్టలేదన్నాను."

"నాకూ అదే చెప్పారు. పదండి, ఆయన గది చూడాలి."

మేడ మీద ఆ గది మంచం వేసుకోవడానికి కూడా చాలదు. ఒక బల్ల, ఒక కుర్చీ, అరలో వరసగా ఫైళ్లు. హోవర్డ్ ఎంత పద్ధతైన మనిషో ఫైళ్ల వీపులే చెబుతున్నాయి. హెస్టర్ పింఛను ఫైలు తీసి కిటికీ దగ్గర నిలబడింది.

పదిహేనేళ్ల కాగితాలున్నాయి. ఏటా మే నెలలో కంపెనీ నుంచి ఒక లెక్క. ఇతను ఎనభై పౌండ్లు వేస్తే ఇరవై పౌండ్లు కంపెనీయే సర్కారు దగ్గర తెచ్చి కలిపింది. అక్కడితో అంతా అయిపోయిందని ఈ దేశంలో సగం మంది అనుకుంటారు. కాలేదు. హోవర్డ్ జీతం పెద్దది, నలభై శాతం పన్ను కట్టేవాడు. అలాంటివాడికి ఇంకో ఇరవై రావాలి. దాన్ని మాత్రం ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు, మనిషే స్వయంగా అడగాలి. నాలుగేళ్లలోపు అడగకపోతే పోయినట్టే.

"ఈయన ఎప్పుడూ అడగలేదా?"

"కంపెనీవాళ్లు అంతా చూసుకుంటారు లొరీ, నీకెందుకు అనేవాడు. యంత్రం విప్పితే మళ్లీ బిగించేదాకా తిండి తినడు. ఇలాంటివి మాత్రం ఎవరేం చెబితే అదే నమ్మేస్తాడు."

'అనేవాడు' అన్న మనిషే మరుక్షణం 'తినడు' అంటోంది. హెస్టర్ అది గమనించి ఊరుకుంది. ఆఖరి కాగితం 2021 మే నెలది.

"తర్వాతివి ఏవి?"

"రాలేదు."

"ఒక్కటి కూడానా? 22లో, 23లో, 24లో?"

"లేదు. పోయినవాళ్లకి పంపరనుకున్నాను."

"ఆయన పోయాడని కంపెనీకి ఎవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు." లొరెయిన్ గొంతు గట్టిపడింది. "నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుంది కదా."

పోయాడని తేల్చిన కోర్టు కాగితం లేదు. కంపెనీకి ఎవరూ చెప్పలేదు. మరి ఉత్తరాలు ఎందుకు ఆగిపోయాయి? హెస్టర్ ఆ ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. తర్వాత బల్ల మీది లెటర్ ప్యాడ్ తీసి వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంది. పైకాగితం ఖాళీగా ఉంది, కాని మీద రాసి చింపేసిన కాగితాల తాలూకు నొక్కులు దిగి ఉన్నాయి. జేబులోంచి పెన్సిలు తీసి మెల్లగా రుద్దింది. తెల్లటి గీతలు పైకి తేలాయి.

హోవర్డ్ బిబ్బీ. హోవర్డ్ బిబ్బీ. హోవర్డ్ బిబ్బీ. పదిహేడుసార్లు. మొదటివి వణికాయి, చివరివి అచ్చం అతనివే.

లొరెయిన్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాలుగు వారాలుగా నా చెవిలో పువ్వు పెట్టారు," అంది హెస్టర్. కోపం వచ్చింది, దాచుకోలేదు. "ఊళ్లో అందరిముందూ మీ తరఫున పోట్లాడుతున్నాను. క్రాబ్‌ట్రీ చెప్పిందే నిజమన్నమాట!"

"సంతకం నాదే." లొరెయిన్ కుర్చీలో కూలబడింది. "ఫిబ్రవరి 17న పింఛను కంపెనీ నుంచి అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. మీవారికి నలభై శాతం వాళ్ల వాటా రావాలి, ఏప్రిల్ 5 దాటితే ఆ ఏడాదిది పోతుంది, ఒక ఉత్తరం రాసి ఆయన పేరుతోనే సంతకం పెట్టేయండి, అందరూ అలాగే చేస్తారన్నాడు. పోయారని కోర్టు కాగితం తీసుకున్నారా అని కూడా అడిగాడు. లేదన్నాను."

"పోస్టు చేసింది?"

"మార్చి 8, శనివారం. పన్నెండింటికి డబ్బా తీసేస్తారు కదా, పదకొండున్నరకి వేశాను."

"ఎంత వస్తుందనుకున్నారు?"

"తెలీదు."

"డబ్బు ఏ ఖాతాకి వెయ్యమన్నారు?"

"ఖాతా రాయలేదు."

హెస్టర్ పెన్సిలు ఆగింది. దొంగ సంతకాలు చేసినవాళ్లని ఆమె చాలామందిని చూసింది. డబ్బు ఎక్కడికి పంపాలో రాయడం మరిచిపోయినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. ఖాతా లేకపోతే పన్నుల ఆఫీసు ఏం చేస్తుంది? చెక్కు రాసి, ఆ మనిషి పేరున, ఇంటికి పోస్టులో పంపుతుంది.

"కవరు కోసమా?" అని అడిగింది నెమ్మదిగా.

లొరెయిన్ తల వంచుకుంది. "ఏడాదిన్నర దాకా ఆయనకి ఉత్తరాలు వచ్చేవి. చేపల వేట క్లబ్బు, కళ్లజోళ్ల కొట్టు, ఏవో ఒకటి. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. నిరుడు మొత్తానికి ఒక్కటి కూడా రాలేదు హెస్టర్. ఆ తలుపు సందులోంచి ఆయన పేరు ఒక్కసారి కింద పడితే చాలనిపించింది. ఎవరో ఒకరు 'మిస్టర్ బిబ్బీ గారికి' అని రాయాలి. అంతే. సంతకం నేర్చుకోడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రులూ ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది."

అరిచిన అరుపుకి హెస్టర్‌కి సిగ్గేసింది. కాని సిగ్గుపడితే కేసు నిలవదు. అది దొంగ సంతకమే, చట్టం ముందు నేరమే. క్రాబ్‌ట్రీ వచ్చే వారంలో అరెస్టు చేస్తానని చెప్పి ఉన్నాడు. ఇవాళే చేసినా అడ్డుకోవడానికి తన చేతిలో ఏమీ లేదు.

వీధి తలుపు గంట మోగింది. హెస్టర్ గడియారం చూసుకుంది. పన్నెండూ ముప్పై అయిదు.

ఇద్దరూ కిందికి దిగి తలుపు తీయగానే ఇన్‌స్పెక్టర్ క్రాబ్‌ట్రీ ఎవరూ రమ్మనకుండానే వంటింట్లోకి వచ్చాడు. మనిషి పొడుగు, బూట్లకి ఎప్పుడూ మెరుగు, నవ్వు మాత్రం పెదవులు దాటదు. అతని చూపు సరాసరి కవరు మీద వాలింది.

"ఏం పన్నులమ్మా, ఇక్కడే ఉన్నావా? రసీదులు తక్కువయ్యాయా ఊళ్లో?"

"మీ రిజిస్టర్లు చూశాక రసీదులే నయమనిపిస్తోంది ఇన్‌స్పెక్టర్ గారూ. సైకిలు దొరికిందా?"

క్రాబ్‌ట్రీ అది విననట్టే చెయ్యి చాచాడు. "ఆ కవరు సాక్ష్యం. ఇటివ్వండి మిసెస్ బిబ్బీ."

హెస్టర్ కవరు మీద అరచెయ్యి పెట్టింది. "ఎవరి పేరు మీద వచ్చిందో చదివారా?"

"కళ్లున్నాయి నాకు."

"అయితే ఒక్క మాట చెప్పండి. ఈ హోవర్డ్ బిబ్బీ బతికున్నాడా, పోయాడా?"

"ఏంటీ పిల్లాటలు?"

"బతికుంటే ఈ ఉత్తరం ఆయనది, మీరు ముట్టుకోవడానికి లేదు. పోయాడంటే, కోర్టు కాగితం చూపించండి. మూడున్నరేళ్లుగా పోయాడు పోయాడు అంటున్నారు, ఆ కాగితం మీ దగ్గరా లేదు, ఈవిడ దగ్గరా లేదు. ఏదో ఒకటి తేల్చుకోండి. మేం టీ పెట్టుకుని కూర్చుంటాం."

క్రాబ్‌ట్రీ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు చట్టం చెబుతున్నావా? నలభై ఏళ్లొచ్చాక ఆఫీసు కుర్చీ వదిలేసి లేని మీసం మెలేసే డిటెక్టివ్‌వి నువ్వు! ఈవిడ మీద నేరం కేసు కట్టాను, నంబరు పడింది. ఆ నంబరు మీద బిబ్బీ ఫైలు మొత్తం పంపమని రాశాను. రేపు పొద్దున తొమ్మిదికి ప్రెస్టన్ పన్నుల ఆఫీసు నుంచి నా బల్ల మీదకి వస్తోంది. ఈ కవరు వారంటుతో సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తా. అంతే తేడా."

"నాలుగింటికే రండి. కేకు ఉంటే పెడతాం."

"మర్యాదగా..."

హాలులో ఫోన్ మోగింది.

లొరెయిన్ లేవబోయింది. క్రాబ్‌ట్రీ గుమ్మానికి దగ్గరగా ఉన్నాడు. "నా కోసమై ఉంటుంది, ఇక్కడున్నానని చెప్పి వచ్చాను," అంటూ రెండడుగుల్లో హాలులోకి వెళ్లి రిసీవర్ ఎత్తాడు.

"హలో? ఇన్‌స్పెక్టర్ క్రాబ్‌ట్రీని. ఎవరు మాట్లాడేది?"

తర్వాత మాట లేదు. రిసీవర్ పెట్టిన చప్పుడు వినిపించింది. మళ్లీ ఎత్తినట్టుంది, అంకెలు నొక్కిన చప్పుడు వచ్చింది. బీప్, బీప్, బీప్, బీప్. స్టేషన్‌కి చేస్తున్నాడు కాబోలు అనుకుంది హెస్టర్. ఆమె మనసంతా కవరు మీదే ఉంది.

అతను తిరిగి వచ్చేసరికి మొహంలో ఎరుపు పోయింది. కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

"తప్పు నంబరు. సరే పన్నులమ్మా, కవరు నువ్వే దాచిపెట్టు. నాలుగింటికి కలుద్దాం."

అని వెళ్లిపోయాడు. పన్నెండూ యాభై ఎనిమిది. కారు కదిలిన చప్పుడు విన్నాక హెస్టర్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇన్నేళ్లలో క్రాబ్‌ట్రీ నోరు మూయించడం ఇదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, కాస్త పొంగిపోయింది కూడా.

"ఇప్పుడు విప్పండి," అంది. "నాలుగింటిలోపు మన చేతిలో ఏముందో తెలియాలి."

లొరెయిన్ వెళ్లి, హోవర్డ్ వాడే చేపల కత్తి తెచ్చి కవరు అంచు కోసింది. మడత విప్పింది. చదవడానికి కళ్లజోడు కోసం తడుముకుని, దొరకక, కాగితం హెస్టర్ చేతిలో పెట్టింది.

హెస్టర్ పైకి చదివింది. "మిస్టర్ బిబ్బీ గారికి. 2020-21 సంవత్సరానికి పింఛను చెల్లింపుల మీద అదనపు పన్ను మినహాయింపు కోరుతూ మీరు రాసిన ఉత్తరం ఏప్రిల్ 2న మాకు చేరింది. ఈ సంవత్సరానికీ, దాని తర్వాతి మూడు సంవత్సరాలకూ మీరు జనవరి 9న పంపిన క్లెయిమ్ ఇదివరకే మంజూరైంది. డబ్బు మీరు చెప్పిన ఖాతాకి పంపించాం. కాబట్టి రెండో క్లెయిమ్..."

ఆమె వేలు జనవరి 9 అన్న చోటికి వెనక్కి వెళ్లింది.

"నేను జనవరిలో ఏం రాయలేదు," అంది లొరెయిన్. "ఒట్టు. ఒక్కసారే రాశాను."

"మీరు కాదు."

"మరెవరు?"

హెస్టర్ ఇంకోసారి చదివింది. తర్వాతి మూడు సంవత్సరాలు. అంటే బూట్లు ఇసుకలో దొరికాక గడిచిన సంవత్సరాలు. ఆ సంవత్సరాలకి మినహాయింపు మంజూరైందంటే, ఆ సంవత్సరాల్లో జీతం తీసుకుని ఉండాలి, నలభై శాతం పన్ను కట్టి ఉండాలి, పింఛనులోకి నెలనెలా సొమ్ము వేసి ఉండాలి. ఇవేవీ శవం చేసే పనులు కావు.

"ఇంటికి ఉత్తరాలు ఆగిపోయింది అందుకే," అంది. "కంపెనీకి ఆయనే చిరునామా మార్చి రాసిచ్చాడు. లొరెయిన్, మీ ఆయన ఆ రోజు ఎవరి చేతిలోంచో తప్పించుకుని, ప్రాణభయంతో దాక్కున్నాడు. కాని దాక్కున్న చోట కూడా సొంత పేరుతో పన్ను కట్టాడు."

లొరెయిన్ నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. "కడతాడు. అదీ మా హోవర్డ్! కొట్టువాడు పది పెన్నీలు ఎక్కువిస్తే వానలో వెనక్కెళ్లి ఇచ్చి వచ్చే మనిషి. బతికున్నాడా? ఏదీ, ఆ మాట ఇంకోసారి అనండి."

"బతికున్నాడు."

"ఇంకోసారి."

"బతికున్నాడు లొరెయిన్."

ఆమె కాగితాన్ని గుండెకి హత్తుకుంది. హెస్టర్ దాన్ని మెల్లగా విడిపించి చివరి రెండు వాక్యాలు చూసింది. "ఈ ఉత్తరం మీ పాత చిరునామా నుంచి వచ్చినందున జవాబు రెండు చిరునామాలకూ పంపుతున్నాం. ఏది సరైనదో తెలియజేయగలరు." ఆ రెండో చిరునామా ఏదో కాగితంలో లేదు. ఉండదు కూడా. పన్నుల ఆఫీసు ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పదు. అది పెళ్లామైనా సరే, పోలీసైనా సరే. నేరం కేసు ఉంటే తప్ప.

నేరం కేసు.

హెస్టర్ మళ్లీ కాగితం మొదటి వరసకి వెళ్లింది. "ఏప్రిల్ 2న చేరింది," అంది పైకి.

"ఏంటి?"

"మీ ఉత్తరం అక్కడ విప్పింది ఏప్రిల్ 2న. ఆ ఆఫీసులో టపా గుట్టలు పడి ఉంటుంది, మూడు వారాలకి గాని విప్పరు. నేను విప్పినదాన్నే కదా, నాకు తెలుసు. మరి క్రాబ్‌ట్రీ మీ గుమ్మంలోకి వచ్చింది ఎప్పుడు?"

"మార్చి 13."

"కవరే విప్పనివాళ్లు అతనికి ఫిర్యాదు ఎలా చేస్తారు? ఆ కవర్లో ఏముందో అప్పటికి తెలిసింది ఇద్దరికే. రాసిన మీకు, మీ చేత రాయించినవాడికి."

లొరెయిన్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఫోన్ చేసినాయన..."

"క్రాబ్‌ట్రీ మనిషే. శవం దొరకలేదని, కంటైనర్ సంగతి తెలిసిన మనిషి ఎక్కడో బతికున్నాడని వాడికి మూడున్నరేళ్లుగా నిద్ర లేదు. హోవర్డ్ ఎక్కడున్నాడో పన్నుల ఆఫీసుకి తెలిసుంటుంది, కాని ఊరికే అడిగితే చెప్పరు. అందుకని మీ చేత నేరం చేయించాడు. ఆ కేసు నంబరు పెట్టి ఫైలు తెప్పించుకుంటున్నాడు. వాడికి కావలసింది మీరు కాదు, ఆ చిరునామా."

"రేపు తొమ్మిదికి," అంది లొరెయిన్.

"రేపు తొమ్మిదికి. మనకి ఇంకా ఇరవై గంటలు..." అంటూ హెస్టర్ ఆగిపోయింది.

చిరునామా కోసం అంతగా అల్లాడుతున్నవాడు చేతికందిన కవరు ఎందుకు వదిలి వెళ్లాడు? తన వాదనకి లొంగాడా? క్రాబ్‌ట్రీ ఎవరి వాదనకి లొంగాడు గనక? ఫోన్ వచ్చేదాకా కవరు కోసం కుక్కలా పోట్లాడాడు. ఫోన్ పెట్టేశాక దాని వంక చూడనైనా లేదు.

నాలుగు బీప్‌లు.

పోలీస్ స్టేషన్ నంబరు నాలుగు అంకెలు కాదు. ఈ దేశంలో నాలుగే అంకెలు నొక్కేది ఒక్క పనికే, ఆఖరుగా ఫోన్ చేసింది ఎవరో తెలుసుకోవడానికి. పొద్దున్నించీ మూడుసార్లు మోగిన ఫోన్ గురించి ఇరవై రెండేళ్ల అనుభవం గల హెస్టర్ గార్‌సైడ్ ఆ నాలుగు అంకెలు నొక్కలేదు. కిటికీ అద్దాలవాళ్లని తేల్చేసింది. క్రాబ్‌ట్రీ నొక్కాడు.

ఆమె హాలులోకి పరుగెత్తి ఒకటి, నాలుగు, ఏడు, ఒకటి నొక్కింది. యంత్రం గొంతు తాపీగా చెప్పింది. ఈ రోజు పన్నెండూ యాభై రెండుకి ఈ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మొదటి అంకెలు సాండ్రిగ్‌వే. ఆ నంబరుకి తిరిగి చేసింది. ఒక్కో గంటా యుగంలా మోగింది. పదకొండో గంటకి ఎవరో ఎత్తారు.

"హలో? ఇది ఎవరి ఫోనూ కాదమ్మా," అంది ఒక ముసలావిడ గొంతు. "రైల్వే స్టేషన్ బయట బూత్. బస్సు కోసం నిలబడ్డాను, మోగుతూనే ఉంటే చెవులు పోతున్నాయని ఎత్తాను."

"ఇందాక అక్కడ ఎవరైనా మగమనిషి ఉన్నాడా అమ్మా? ఫోన్ చేస్తూ?"

"ఉన్నాడు పాపం. నీలం టోపీ, బక్కమనిషి. ఫోన్ పెట్టేసి కూడా అలాగే నిలబడిపోయాడు, చేతిలో ఒక గోధుమరంగు కవరు. ఎవరైనా పోయారా నాయనా అని అడుగుదామనుకున్నా. ఈలోగా కారు వచ్చింది."

"ఎలాంటి కారు? ఎవరున్నారు అందులో?"

"నల్లకారు. పొడుగ్గా ఉన్న మనిషి దిగాడు, బూట్లు తళతళలాడుతున్నాయి. ఈయన రానన్నాడు, వెనక్కి వెనక్కి జరిగాడు. ఆయన ఏం చెప్పాడో సరిగ్గా వినపడలేదు గానీ, 'మీ ఆవిడ' అనడం విన్నాను. ఆ మాట వినగానే కిక్కురుమనకుండా ఎక్కేశాడు."

రెండో చిరునామాకి వెళ్లిన కవరే అది, అది చూసి హోవర్డ్ ఊళ్లోకి వచ్చేశాడని హెస్టర్‌కి అర్థమైంది. "ఏ వైపు వెళ్లారమ్మా?"

"ఊళ్లోకి కాదు. ఇసుకల రోడ్డు పట్టారు. ఈ వేళప్పుడు అక్కడ ఏం పనో మరి."

ఊళ్లో బూత్‌ల నంబర్లు క్రాబ్‌ట్రీకి కంఠతా వచ్చి ఉంటాయి. రిసీవర్ పెట్టి వెనక్కి తిరిగేసరికి లొరెయిన్ భుజం పక్కనే నిలబడి ఉంది. అంతా వినేసింది. ఆమె చూపు గోడ మీది పట్టిక మీద ఉంది, వేలు ఇవాళ్టి గడి మీద ఆగింది.

"మూడూ పదికి పోటు," అంది. "ఇప్పుడు ఒకటీ ఇరవై నాలుగు. రెండున్నరకే నీళ్లు దారి కమ్మేస్తాయి."

"మీరు ఇక్కడే ఉండండి. నేను కంట్రోల్ రూమ్‌కి చేసి..."

"పొద్దున రెండుసార్లు ఫోన్ చేసి నా గొంతు విన్నాడు హెస్టర్. హలో అన్నాను. అంతే అన్నాను. ఇంకో మాట అన్నా పోయేది. హోవర్డ్, నువ్వేనా అని ఒక్క మాట అడిగినా పోయేది. అడగలేదు." ఆమె కొక్కేనికున్న వాన కోటు తీసింది. మూడున్నరేళ్లలో మొదటిసారి అది అక్కణ్ణించి కదిలింది. మోకాళ్లు దాటిన ఆ కోటు తొడుక్కుని పై బొత్తాం దాకా పెట్టుకుంది. "ఆ ఇసుకలో దారి ఎక్కడుందో ఈ ఊళ్లో ముగ్గురికే తెలుసు. ఆయనకి తెలుసు. నాకు ఆయన నేర్పాడు."

"మూడోవాడు?"

"ఆ రోజు మా హోవర్డ్ బూట్లు అక్కడ పెట్టి వచ్చినవాడు," అంది లొరెయిన్, తలుపు తీస్తూ. "కారు తీయండి. ఇంక నేను ఎదురుచూడను."